కొండ పిల్లలకి, వేడి నీళ్లు అమ్మీకి: మహేంద్రగిరి–తప్తపాణి సఫర్‌కి ముందే వేసుకోవాల్సిన లెక్క

పండగ మరుసటి రోజు పాలకాయతిప్ప బీచ్‌కి వెళ్లడం మా ఖాలా వాళ్ల ఇంట్లో ఎప్పటి నుంచో అలవాటు. కోడూరు నుంచి ఆటో మాట్లాడుకుని, బిర్యానీ డేగిసా వెనక పెట్టుకుని బయల్దేరతారు. ఈసారి ఇసుకలో కూర్చున్నప్పుడు ఖాలా కొడుకు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. మబ్బుల్లో మునిగిన కొండ, దాని తర్వాత పొగలు కక్కే వేడి నీటి గుండం. "ఇన్షా అల్లాహ్, ఈ చలికాలం మనం కూడా పోదాం" అన్నాడు. పిల్లలు కొండ అన్నారు. మోకాళ్ల నొప్పులున్న ఖాలా వేడి నీళ్లు అంది. ఖర్చెంతవుతుందని అడిగినవాళ్లు, ఎప్పట్లాగే, ఎవరూ లేరు.

ఆ వీడియోలోది శ్రీకాకుళం సరిహద్దు దాటగానే ఒడిశా గజపతి జిల్లాలో ఉన్న మహేంద్రగిరి. ఎత్తు 1501 మీటర్లు. గుండం ఉన్నది బరంపురానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, గంజాం జిల్లా తప్తపాణిలో. రెండిటినీ ఒకే సఫర్‌లో చూడొచ్చు. మన తెలుగు కుటుంబాలకి భాష ఇబ్బంది కూడా పెద్దగా ఉండదు. మూడేళ్ల కిందట మేమూ వెళ్లాం. బాగానే తిరిగాం, కానీ ఒక తప్పు చేశాం. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తప్పే.

మేం చేసిన తప్పు

మేం ప్లాను మొత్తం కొండ చుట్టూ వేసుకున్నాం. ఏ బూట్లు, ఏ రోజు, ఎన్ని గంటలకి ఎక్కడం, అన్నీ మాట్లాడుకున్నాం. వేడి నీటి గుండానికి మాత్రం "వచ్చేటప్పుడు ఒక పూట చూసుకుని వద్దాం" అని వదిలేశాం. గది తీసుకోలేదు. తీరా అక్కడికి చేరాక నేనూ, తమ్ముడూ, మామూ స్నానాల కొలనులో దిగాం. నలుగురు మగవాళ్ల మధ్య అమ్మీ ఎలా దిగుతుంది? బుర్ఖాతోనే మెట్టు మీద కూర్చుని, మా బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని, పాదాలు మాత్రం ముంచింది. ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక నానీ "నీళ్లు ఎలా ఉన్నాయే?" అని అడిగితే "బాగున్నాయంట" అంది. ఆ "అంట" నాకు ఇప్పటికీ గుర్తుంది. మోకాళ్ల నొప్పి ఆమెకి, స్నానం మాకు.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. ఈ సఫర్‌కి లెక్క వెనక నుంచి వేయండి. ముందు వేడి నీళ్ల దగ్గర గది, తర్వాత అక్కడికి దారి, ఆ తర్వాత కొండ. ఇంట్లో అందరికన్నా తక్కువ నడవగలిగేది ఎవరో, అందరిలో దిగి స్నానం చేయలేనిది ఎవరో, వాళ్లని పెట్టుకుని మొదలుపెట్టండి. మిగతావాళ్లు ఎలాగైనా సర్దుకుంటారు.

ముందు గది

తప్తపాణిలో అసలు ఊట దగ్గర కంధుణీ దేవి గుడి ఉంది. ఆ గుండం పూజకి సంబంధించింది, అందులో ఎవరూ కాళ్లు పెట్టకూడదు. అక్కడి నుంచి వచ్చే నీళ్లే కిందున్న కొలనులోకి వెళ్తాయి, స్నానం చేసేది అందులో. పక్కనే ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్ ఉంది. అందులో కొన్ని గదులకి గంధకం నీళ్లు నేరుగా లోపలి స్నానాల తొట్టిలోకే వస్తాయి. పర్దా పాటించే ఆడవాళ్లున్న కుటుంబానికి ఈ సఫర్ మొత్తంలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే.

అలాంటి గదులు కొన్నే ఉంటాయి. బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఊట నీళ్లు గదిలోకే వస్తాయా? ఇప్పుడు ఆ పైపు పనిచేస్తోందా? ఒక గది తీసుకుంటే కుటుంబంలోని ఆడవాళ్లందరూ వంతులవారీగా వాడుకోవచ్చా? మిగతావాళ్లకి మామూలు గది చాలు. గది ఏ రోజు దొరుకుతుందో చూసుకుని ఆ తేదీకి మిగతా ప్లాను కట్టండి.

నీళ్లు ఎందుకు వేడి? నొప్పులు పోతాయా?

అక్కడ అగ్నిపర్వతమేమీ లేదు. వాన నీళ్లు రాతి పగుళ్ల గుండా భూమి లోపలికి దిగుతాయి. లోపలికి వెళ్లేకొద్దీ ప్రతి కిలోమీటరుకీ దాదాపు 25 నుంచి 30 డిగ్రీలు వేడి పెరుగుతుంది. అలా కాగిన నీళ్లు వేరే పగులు దొరికినచోట పైకి వస్తాయి. దారిలో రాళ్ల నుంచి ఖనిజాలు కలుపుకుంటాయి. కుళ్లిన గుడ్డు లాంటి ఆ వాసన గంధకానిది. మన తెలంగాణలో భద్రాచలం దగ్గర గుండాలలోనూ, మణుగూరు దగ్గర పగిడేరులోనూ ఇలాంటి వేడి నీళ్లే ఉన్నాయి.

వేడి నీళ్లలో కూర్చుంటే కండరాలు వదులవుతాయి, కీళ్ల బిగుతు కాసేపు తగ్గుతుంది. అది నిజమే. కానీ అరిగిన కీలు మళ్లీ పెరగదు, డాక్టరిచ్చిన మందు మానేయకూడదు. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ మాట వెళ్లేముందే చెప్పండి. లేకపోతే మూడో రోజు నొప్పి తిరిగొచ్చినప్పుడు దిగులుపడతారు.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి:

బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా దిగొద్దు. మిగతావాళ్లకి కూడా ఒక్కసారికి పది, పదిహేను నిమిషాలు చాలు. లేచేటప్పుడు మెల్లగా లేవాలి, గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి.

షుగర్ ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. నీళ్లు కాలుతున్నా తెలియదు. వాళ్ల కోసం ఇంకొకరు మోచేతితో నీళ్లు ముట్టుకుని చూడాలి.

వెండి సంగతి మర్చిపోకండి. గంధకం నీళ్లు తగిలితే వెండి నల్లబడుతుంది. ఆడవాళ్ల పట్టీలు, మగవాళ్ల అఖీఖ్, ఫిరోజా ఉంగరాలు గదిలోనే తీసిపెట్టండి. మా మామూ ఉంగరం బొగ్గులా తయారైంది.

ఇంకొకటి ముక్కు గురించి. గోరువెచ్చటి మంచినీళ్లలో ఒక అమీబా ఉండొచ్చు. తాగితే ఏమీ కాదు, ముక్కులోకి ఎక్కితే మెదడుకి పాకి ప్రాణం తీస్తుంది. కరాచీలో వజూ చేసేటప్పుడు ముక్కులోకి పీల్చిన నీళ్ల వల్ల కూడా ఇది సోకినట్టు డాక్టర్లు నమోదు చేశారు. కేరళలోనూ ఈ మధ్య కేసులు వచ్చాయి. తప్తపాణిలో ఉందని నేను అనడం లేదు. కానీ ఏ వేడి ఊటలోనైనా తల ముంచకపోవడం, పిల్లల్ని మునకలు వేయనివ్వకపోవడం మంచిది. వజూలో ముక్కు శుభ్రం చేసుకోవడానికి కాచి చల్లార్చిన నీళ్లో, బాటిల్ నీళ్లో వాడండి.

ఏ నెలలో

నవంబరు చివరి నుంచి జనవరి దాకా మంచి కాలం. ఈ ఏళ్లలో రంజాన్ ఫిబ్రవరిలో వస్తోంది కాబట్టి ఆ లోపే చూసుకోవాలి. ఎండాకాలంలో వేడి నీళ్లు ఎవరికీ ఎక్కవు, వానాకాలంలో కొండ దారి పనికిరాదు.

తుఫాను సంగతి దివిసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 పేరెత్తితే ఇప్పటికీ పెద్దవాళ్ల మాట ఆగిపోతుంది. అయితే మనకి తుఫాను అంటే ఉప్పెన, అంటే సముద్రం వైపు నుంచి వచ్చే ప్రమాదం. కొండల్లో అది పైనుంచి వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం చనిపోయారు. సముద్రం అక్కడికి ఎంతో దూరం. కాబట్టి బంగాళాఖాతంలో వాయుగుండం అనే మాట వినబడితే, టికెట్ డబ్బులు పోయినా సఫర్ వాయిదా వేసేయండి.

మహాశివరాత్రికి మహేంద్రగిరి మీద పెద్ద జాతర జరుగుతుంది. ప్రశాంతంగా చూడాలనుకుంటే ఆ రోజులు వదిలేయండి, బండ్లూ గదులూ దొరకవు.

దారి

దివిసీమలో రైలు స్టేషను లేదు. పాలకాయతిప్ప నుంచి కోడూరు, అవనిగడ్డ మీదుగా బందరుకో, బెజవాడకో బస్సులో చేరాలి. బెజవాడ నుంచి హౌరా లైనులో పలాసలో ఆగే బండి చూసుకోండి. రాత్రి ఎక్కితే పొద్దునకి దిగే బండి అయితే ఒక రోజు గది ఖర్చు మిగులుతుంది.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. అయిదేళ్లు నిండని పిల్లలకి టికెట్ అక్కర్లేదు. అయిదు దాటి పన్నెండు లోపు పిల్లలకి బెర్తు కావాలంటే పూర్తి టికెట్టే. 45 దాటిన ఆడవాళ్లకి, 60 దాటిన మగవాళ్లకి కింది బెర్తు కోటా ఉంది. కాబట్టి అమ్మీ టికెట్ పిల్లలతో కలపకుండా విడిగా బుక్ చేస్తే కింది బెర్తు దొరికే అవకాశం ఎక్కువ.

పలాస నుంచి పర్లాఖిమిడికి రోడ్డు మీద గంటో, గంటన్నరో. ఇటు పాతపట్నం మన శ్రీకాకుళం జిల్లా, అటు పర్లాఖిమిడి ఒడిశా. బజారులో తెలుగు బాగా నడుస్తుంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు అటు వెళ్లిన ఊరది. ఈ వ్యాసం నేను మాట్లాడే తెలుగులో రాయగలుగుతున్నానంటే దానికీ ఈ ఊరికీ సంబంధం ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఇక్కడే బడిపంతులుగా పనిచేశారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని వాళ్ల కోసం పుస్తకాలు రాశారు. మీరు కొండకి వెళ్లే దారిలో కనబడేది ఆ సవరల ఊళ్లే. అడగకుండా ఫొటోలు తీయకండి. వాళ్ల ఇంటి ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటే మనకి ఎలా ఉంటుందో వాళ్లకీ అలాగే ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఫోన్ మ్యాపులో మహేంద్రగిరి అని కొడితే తమిళనాడులో ఇస్రో కేంద్రం ఉన్న మహేంద్రగిరి కూడా వస్తుంది. గజపతి జిల్లా అని చేర్చి వెతకండి.

కొండ

మనది డెల్టా. పాలకాయతిప్పలో ఎత్తు అంటే కరకట్ట, దాని తర్వాత తుఫాను షెల్టరు మెట్లు. పుట్టి పెరిగినవాళ్లు ఎంత బలంగా ఉన్నా ఎక్కే కండరం వేరు, నడిచే కండరం వేరు. ఆరు వారాల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు సాధన చేయండి. ఫజర్ తర్వాత ఇసుకలో అరగంట నడక, తర్వాత కరకట్ట వాలు పది సార్లు ఎక్కి దిగడం. మోకాళ్లు నొప్పెట్టేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. అందుకే దిగడం కూడా సాధన చేయాలి. ఒకసారి కొండపల్లి వెళ్లి ఖిల్లా ఎక్కి చూసుకోండి. షా బుఖారీ దర్గాకి ఎలాగూ వెళ్తూనే ఉంటారు కదా, ఆ రోజే పెట్టుకుంటే ఎవరి దమ్మెంతో తేలిపోతుంది.

1501 మీటర్ల దగ్గర ఆక్సిజన్ తక్కువై జబ్బుపడటం ఉండదు, ఆ బెడద సాధారణంగా 2500 మీటర్లు దాటాక. ఇక్కడ ఇబ్బంది పెట్టేవి దాహం, చలి, చీకటి. ప్రతి వెయ్యి మీటర్లకీ దాదాపు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అంటే పైన మన తీరం కన్నా తొమ్మిది, పది డిగ్రీలు తక్కువ. తలకి రెండు లీటర్ల నీళ్లు, ఒక స్వెటరు, ఒక టార్చి తప్పనిసరి. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదున్నరలోపే పొద్దు గుంకుతుంది. అందుకని ఒక నియమం పెట్టుకోండి: మధ్యాహ్నం పన్నెండు కొడితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే.

పర్లాఖిమిడి వైపు నుంచి బండి చాలా ఎత్తు దాకా వెళ్తుంది. పెద్దవాళ్లు బండిలో వచ్చి, చివరి భాగం నడవగలిగినంత నడుస్తారు. కుర్రకారు ఇంకా కింద దిగి నడక మొదలుపెట్టొచ్చు. మందస వైపు నుంచి అడవిలో నడిచే దారి కూడా ఉంది, కానీ స్థానికుడు తోడు లేకుండా దాని జోలికి పోవద్దు. డ్రైవరు ఆ కొండ ఎరిగినవాడై ఉండాలి. సమతల రోడ్డు మీద ఎంత బాగా తోలినా ఘాట్ వేరు.

కొండ మీద పాత రాతి గుళ్లున్నాయి. భీముడు, కుంతి, యుధిష్ఠిరుడి పేర్లతో పిలుస్తారు. వందల ఏళ్ల కట్టడాలు. అది వాళ్లకి తీర్థం. మాంసం వంటలు అక్కడ విప్పకండి, గుళ్ల మెట్ల మీద కూర్చుని తినకండి, ప్లాస్టిక్ వదలకండి. మన దర్గా దగ్గర ఎవరైనా వచ్చి ఎలా ఉండాలని కోరుకుంటామో అలాగే.

బట్టల విషయానికొస్తే, నేల తాకే బుర్ఖా అంచు రాళ్ల మీద కాలికింద పడుతుంది. చీలమండ పైకి ఉండేలా కుట్టించుకున్నది, లేదా పొడుగాటి కుర్తా, సల్వారు, పిన్నులు పెట్టిన స్కార్ఫు సులువు. చెప్పులు మాత్రం ఎవరికీ వద్దు. ఆ వైపు మలేరియా ఉంటుంది కాబట్టి దోమల క్రీము, పొడుగు చేతుల బట్టలు పెట్టుకోండి.

నమాజు, తిండి

హనఫీ ఉలమా చెప్పే 48 మైళ్లు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు దాటి, 15 రోజుల కన్నా తక్కువ ఉండే ఉద్దేశంతో వెళ్తున్నారు కాబట్టి మీరు ముసాఫిర్లే. జొహర్, అసర్, ఇషా నాలుగు రకాతుల ఫర్జు రెండవుతుంది, ఫజర్, మగ్రిబ్ మామూలే. కొండ మీద వజూకి ఒక బాటిల్ విడిగా ఉంచండి. భూమిలోంచే వాసనతో వచ్చిన నీళ్లు ఆ వాసన వల్ల నాపాక్ కావని ఉలమా చెబుతారు. సందేహముంటే వెళ్లేముందే మీ ఇమామ్ సాబ్‌ని అడగండి.

హలాల్ మాంసం కోసం దారంతా వెతుక్కుంటూ ఉంటే సగం రోజు దానికే పోతుంది. గుడ్లు, పప్పు, కూరగాయలతో మూడు రోజులు సరిపెట్టుకుని, బరంపురం చేరాక మసీదు దగ్గర అడిగి తినండి. కొండకి రొట్టెలు, ఖర్జూరాలు, పలాస జీడిపప్పు, ఇంటి నుంచి తెచ్చిన బందరు హల్వా. హల్వా ముక్క ఒకటి చాలు, దిగే దమ్ము వస్తుంది.

అయిదు రోజుల లెక్క

మొదటి రాత్రి రైలు. రెండో రోజు పలాస, పర్లాఖిమిడి, ఆ రోజంతా విశ్రాంతి. మూడో రోజు తెల్లవారుజామున కొండ, సాయంత్రానికి కిందికి. నాలుగో రోజు మోహనా, చంద్రగిరి మీదుగా తప్తపాణి. ఘాట్ రోడ్డు కాబట్టి సగం రోజు పడుతుందనుకోండి. చంద్రగిరిలో 1960ల నుంచి టిబెటన్ శరణార్థులు స్థిరపడి ఉన్నారు, వాళ్ల పెద్ద బౌద్ధ విహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. దారిలోనే చూసుకోవచ్చు. ఆ సాయంత్రం ఒకసారి, అయిదో రోజు పొద్దున ఒకసారి స్నానం. తర్వాత బరంపురం, రాత్రి రైలు, ఇల్లు.

కొండ ముందు, నీళ్లు తర్వాత. ఎందుకంటే ఎక్కి అలసిన ఒళ్లు వేడి నీళ్లు కోరుకుంటుంది. కానీ దిగిన రోజే కాదు, నీళ్లు బాగా తాగి, ఒక రాత్రి నిద్రపోయాక.

డబ్బు సంగతి. బీకాంలో నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. ఖర్చుని రెండు వరసల్లో రాయండి. తలకి తగిలేది: టికెట్లు, తిండి. మనుషులు పెరిగితే ఇది పెరుగుతుంది. బండికి తగిలేది: కారు, గది, డ్రైవరు బత్తా. మనుషులు పెరిగితే తలకి ఇది తగ్గుతుంది. అందుకే నలుగురికన్నా ఏడుగురు వెళ్తే తలకి చౌక, పన్నెండుమంది అయితే రెండో బండి కావాలి, మళ్లీ ఖరీదు. బండి మాట్లాడేటప్పుడు ఘాట్ చార్జీ, రాష్ట్రం దాటే పర్మిట్, రాత్రి ఆపితే బత్తా, మూడూ కలిపి ఎంతో ముందే చెప్పించుకోండి. మొత్తం మీద పదో వంతు విడిగా కట్టి పెద్దవాళ్ల దగ్గర ఉంచండి.

తగ్గించుకోవాలంటే ఏసీ తగ్గించండి, హోటల్ భోజనం తగ్గించండి, బరంపురంలో పట్టుచీరల షాపులు వదిలేయండి. ఊట నీళ్లు వచ్చే ఆ ఒక్క గది మాత్రం కొట్టేయొద్దు. మేం ఆ రోజు మిగిల్చుకున్నది అదే.

ఖాలా కొడుకుకి ఇదంతా కాగితం మీద రాసి ఇచ్చాను. మొదటి లైనులో తేదీ లేదు, "గది: అమ్మీ, ఖాలా, నానీ" అని ఉంది. వాడు చదివి "మరి కొండ?" అన్నాడు. కొండ ఎక్కడికీ పోదురా, మూడో లైనులో ఉంది అన్నాను.